మా ఆవిడ పంపిన లేహ్యం

లేని వేళ్లు నొప్పి పెడుతున్నాయంటే కంపెనీ డాక్టరు నమ్మలేదు. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో మా అల్యూమినియం ఫ్యాక్టరీ ప్రెస్సు నా ఎడమచేతి వేళ్లు రెండింటిని నమిలేసిన ఏడాది అది. గాయం మానింది. తెగిపోయిన వేళ్లను మాత్రం ఎవరో పటకారుతో మెలిపెడుతున్నట్టే ఉండేది. "ఉంగ్లీ నహీ హై, తో దర్ద్ కహా?" అన్నాడు డాక్టరు. వేలే లేనప్పుడు నొప్పెక్కడిదని నవ్వి, పెనడాల్ మాత్ర చేతిలో పెట్టాడు. ఆ నవ్వుతున్న మొహం మీదికి అక్కడున్న బల్ల ఎత్తి విసరాలనిపించింది.

నిద్ర లేక నాకు పిచ్చికోపం పట్టుకుంది. కూరలో ఉప్పు ఎక్కువైందని గిన్నె గోడకేసి కొట్టాను. పక్క మంచం వాడి రేడియో బద్దలుకొట్టాను. ఒకనాడు మా మేనేజరు, అక్కడి మాటలో ముదీర్, ఆయన కాలరే పట్టుకున్నాను. ఇంకోసారి ఇలా చేస్తే వీసా ఖలాస్ అన్నాడాయన. లేబర్ క్యాంపులో నన్ను భరించినవాడు ఒక్కడే, మా ఆవిడ తమ్ముడు. అదే ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసేవాడు, నాతో ఒకే గదిలో ఉండేవాడు. నేనెన్ని తిట్టినా "బావా" అనే పిలుపులో మర్యాద తగ్గనిచ్చేవాడు కాదు.

వాడు సెలవుకి ఊరెళ్లి తిరిగొస్తూ అక్క ఇచ్చిన మూట తెచ్చాడు. ఊరినుంచి వచ్చేవాడి పెట్టెలో సగం సామాను వాడిది కాదు, అది మాకందరికీ మామూలే. కుట్టిన మూట కుట్టినట్టే చేర్చాలి. విప్పి చూస్తే ఇచ్చినవాళ్లను అనుమానించినట్టు. అందులోనూ ఇది అక్క తన మొగుడికి పంపినది, వాడు ముట్టుకుంటాడా?

ఆవకాయ, సున్నుండలు, ఒక స్టీలు డబ్బాలో నల్లటి లేహ్యం. మా వైపు నాటువైద్యుడి మందనీ, పడుకోబోయే ముందు ఉసిరికాయంత తినమనీ చెప్పి పంపింది. తాటిబెల్లం, మిరియాలు, నెయ్యి. వాటి వెనకాల ఏదో ఆకు చేదు. తిన్నాను. పటకారు మెల్లగా వదిలింది. తెల్లారి లేచి, నిద్రపోయానని తెలిసి, మంచం మీద కూర్చుని ఏడ్చేశాను. వరసగా నాలుగు రోజులు తిన్నాను, ఎవరినీ తిట్టలేదు. ముదీర్‌కి నేనే ఎదురెళ్లి సలాం చెప్పాను.

శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరం కలిసి ఇంటికి ఫోన్ చేశాం. స్పీకర్ పెట్టి, మందు భలే పనిచేసిందని చెప్పాను. ఆవిడ పొంగిపోయింది.

"పన్జెయ్యదేటి మరి! కొండమీంచి తెప్పించిన గంజాయాకు, శీలావతి రకమంట. నేతిలో ఏయించి కట్టినాడు."

"గంజాయా?" అన్నాడు తమ్ముడు.

"మందులో పడితే అది మందే కదరా."

వాడు ఫోన్ మీదికి వంగాడు. "ఎయిర్‌పోర్టులో పోలీసోడు మూట కోసి, డబ్బా మూత తీసి వాసన సూసినాడే అక్కా. హల్వా అన్నాను. నవ్వీసి ఒగ్గీసినాడు. పట్టుకునుంటే ఈ పాటికి జైల్లో కుళ్లిపోదును కదే!"

అక్క అందనంత దూరంలో ఉంది, అందినవాణ్ని నేనే; ఆ మాట అంటూనే నా మూతి మీద గుద్దాడు. తల ఇనప మంచానికి కొట్టుకుంది. నోటినిండా రక్తం. వాడు డబ్బా అందుకుని బాత్రూం వైపు పరిగెత్తాడు. వాడి జైలు నాకు కనపడలేదు, ఆ డబ్బా ఒక్కటే కనపడింది. వెనకనుంచి తన్నాను. పడ్డాడు. మీదెక్కి డబ్బా లాగాను. వదలకపోతే మణికట్టు కొరికాను, వాడి నెత్తురు ఉప్పగా తగిలేదాకా కొరికాను. అప్పుడు వాడు నా ఎడమచెయ్యి పట్టుకుని తలుపు అంచుకేసి బలంగా కొట్టాడు. అరవడానికి కూడా ఊపిరి అందలేదు. నేను నేలమీద ముడుచుకుపోయి ఉండగానే లేహ్యమంతా టాయిలెట్‌లో వేసి నీళ్లు వదిలాడు. మంచం మీద ఫోన్‌లో ఆవిడ "తమ్ముడూ, ఏటౌతోందిరా?" అని ఏడుస్తూనే ఉంది. కార్డులో డబ్బులైపోయి ఆ గొంతు కూడా ఆగిపోయింది.

నొప్పి తిరిగొచ్చింది, రెట్టింపై వచ్చింది. మేమిద్దరం ఒకే గదిలో విడివిడిగా తిన్నాం, చెరోవైపు తిరిగి పడుకున్నాం. ఒక సాయంత్రం ఓర్చుకోలేక గోడకేసి తల బాదుకుంటుంటే వాడు లేచొచ్చాడు. మళ్లీ కొడతాడనుకుని పిడికిలి ఎత్తాను. వాడు నా మొండి వేళ్లను రెండు చేతులతో పట్టుకుని, ఎముకలు నలిగేలా పిండాడు. అమ్మనాబూతులు తిట్టాను. వదల్లేదు. నా అరుపుల మధ్య, లేని వేళ్ల నొప్పి కాసేపు ఊరుకుంది.

వాడి మణికట్టు మీద నా పళ్ల గాట్లు ఇంకా నల్లగానే ఉన్నాయి.

"ఈ మందుకి ఎవుడూ పెట్టె తెరవమనడు బావా," అన్నాడు ఏడుస్తూ. "సెప్పు, ఇంకా గట్టిగా పిండాలా?"

పిండమన్నాను.