నేను నింపని గడి

నమ్మితే నమ్మండి, లేదంటే టీ తాగి వెళ్ళిపోండి. జరిగింది మాత్రం నిజం. ఇంత కథ కల్పించే ఓపిక నాలాంటి సోమరికి ఎక్కడిది?

కమలాపురంలో మా చర్చి కంప్యూటరు చూసేది నేనే. ఉద్యోగం లేనివాడికి ఊరిచ్చే ఉద్యోగం అది. సంఘంలో అందరి పేర్లూ నంబర్లూ ఈమెయిల్ సాఫ్ట్‌వేర్‌లోని చిరునామాల పట్టికలో ఉంటాయి, ఒక్కొక్కరికి ఒక్కో ఫారం. "దాంట్లో రక్తం గ్రూపు గూడా చేర్చప్పా. ఇంటింటికీ పోయి అడిగి రాయి" అన్నారు పాస్టరయ్య. ఫారంలో కొత్త గడి చేర్చడం రెండు నిమిషాల పని. చేర్చాను. ఇంటింటికీ తిరగడమంటారా... ఎండ చూశారు కదా. అందరి గడులూ ఖాళీగా వదిలేసి, "అయిపోయిందయ్యా" అన్నాను.

ఆ రోజే, చీకటి పడ్డాక... బావ ఫోను. కడప ఆసుపత్రి నుంచి.

"రేయ్ దానీ, యాడుండావురా? మీ యక్కకు కాన్పయింది. రక్తం శానా పోతాండాది. ఓ నెగటివ్ కావాలంట, ఈడ ఒక్క ప్యాకెట్టు గూడా లేదంట. చర్చి లిస్టు చూడు!"

చూడడానికి ఏముంది... నేను నింపితే కదా.

అయినా, చర్చి తాళం తీసి, కంప్యూటరులో వెతికేచోట 'ఓ నెగటివ్' అని కొట్టాను. ఫ్యాను కిర్రు... కిర్రుమంటోంది. అది రోజూ అంతే, దయ్యాలకూ దానికీ సంబంధం లేదు. తెర ఒక్క క్షణం తెల్లబడింది. తర్వాత...

ఒక్క పేరు.

గొర్రెల ప్రభుదాసు. మా సంఘంలో ప్రభుదాసులు నలుగురు, గొర్రెలున్నది ఈయనకే. ఫారం తెరిచాను. నా కొత్త గడిలో... ఓ నెగటివ్.

చర్చి తాళంచెవి నా జేబులోనే ఉంది. పాస్‌వర్డు నాకొక్కడికే తెలుసు. పాస్టరయ్య కంప్యూటరు ఆన్ చేస్తే అదే ఒక అద్భుతం.

ఫోను చేశాను.

"నా రక్తం ఏ రకమో నాకే తెలీదు గదప్పా" అన్నాడు ప్రభుదాసు. "నా బతుకులో సూది గుచ్చుకునిందే లేదు."

"ఈడ రాసుండాది మామా."

"ఎవరు రాసినారు?"

"అదే నేనూ అడుగుతాండా."

ఫోనులో ఆయన వెనక ఒక గొర్రె అరిచింది.

"సరే, బండి తీసుకొని రా. తప్పయితే నువ్వే తిరిగి దింపల్ల."

దారంతా నేను ప్రార్థన చేశాను. ఆయన బ్రేకులు చూసుకోమన్నాడు.

కడపలో పరీక్ష చేశారు. నర్సు కాగితం చూసి, "ఓ నెగటివే! మీకు ముందే తెల్సా?" అంది. ప్రభుదాసు నన్ను చూశాడు. నేను గోడను చూశాను.

తెల్లారేసరికి అక్క కళ్ళు తెరిచింది. "పాప అచ్చం నీ మాదిరే ఉండాదిరా" అంది. ఆ రాత్రి అంతకన్నా భయంకరమైన మాట వినలేదు.

తర్వాత ఎండలోనే ఇంటింటికీ తిరిగి మిగతా గడులన్నీ నింపాను. ఆ ఒక్కటి ఎవరు నింపారో... ఇప్పటికీ తెలియదు.

నా ఫారంలో మాత్రం 'ఉద్యోగం' అని ఇంకో గడి చేర్చి, ఖాళీగా వదిలాను. రోజూ తెరిచి చూస్తాను. ఇంకా ఏమీ లేదు... కానీ చర్చికి తాళం వేసేముందు కంప్యూటరు ఆపడం మానేశాను.