క్వారీ కాటా గదిలో మాయమయ్యే మిషను

ముక్కు మీద కోపం ఉన్నవాణ్ణి కంప్యూటర్లకు కాపలా పెట్టకూడదు. అవి మొరాయించినప్పుడల్లా దగ్గర్లో ఉన్న మనిషి మీద విరుచుకుపడతాడు. అయినా రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, నందిగామలో ఒక సిమెంటు కంపెనీ ఆఫీసు నన్ను ఏరికోరి ఆ పనికే పెట్టుకుంది. ఇప్పుడు తలుచుకుంటే అప్పట్లో నన్ను భరించిన ముగ్గురికీ దండం పెట్టాలనిపిస్తుంది. ఒకరు మా మేనేజరు గారు. ఇంకొకరు క్వారీలో కాటా ఆపరేటరు. మూడో ఆవిడ ఆ ఆపరేటరు భార్య. ఆవిడ కంప్యూటరు మీద ఒక్క మీట కూడా నొక్కి ఎరగదు.

మా ఆఫీసు నందిగామలో ఉండేది. ఫ్యాక్టరీ జగ్గయ్యపేట అవతల, సున్నపురాయి తవ్వే క్వారీ ఫ్యాక్టరీకి ఇంకాస్త అవతల. రాయి నింపుకున్న ప్రతి లారీనీ క్వారీ గేటు దగ్గర కాటా మీద తూచి, బరువు చీటీ చేతికిచ్చి పంపేవారు. ఆ చీటీలు కొట్టే సర్వరు కాటా గదిలోనే ఒక చెక్క బల్ల మీద ఉండేది. అక్కడి దుమ్ము సంగతి చెబితే నమ్మరు. పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు.

ఒక ఎండాకాలం దగ్గర పడుతుండగా మేనేజరు గారు నన్ను పిలిచారు.

"మన మిషన్లన్నిటికీ నాడి చూసే ఏర్పాటు ఒకటి చెయ్యవయ్యా. చచ్చాక వెళ్లి పరామర్శించడమే గానీ, జ్వరం వచ్చినప్పుడు మనకు తెలీట్లేదు" అన్నారు.

ఆ మాట నాకు తెగ నచ్చింది. ఫ్యాను తిరుగుతోందా, డిస్కు బాగుందా, లోపల వేడి ఎంత అని చూసి చెప్పే చిన్న ప్రోగ్రాము ఒక్కో సర్వరులో పెట్టుకుంటూ పోయాను. అవన్నీ నా బల్ల మీది తెరకు కబురు పంపేవి. బాగున్న మిషను పక్కన పచ్చచుక్క, జవాబు చెప్పని మిషను పక్కన ఎర్రచుక్క. ఏ చుక్క ఎప్పుడు ఎర్రబడిందో దానంతటదే రాసుకునేది కూడా. క్వారీ మిషను ఒక్కటే పేచీ పెట్టింది. అది పాత రకం. లోపలి వేడి ఎంతో మా ప్రోగ్రాముకు చెప్పేది కాదు. వేడి అంకె ఉండాల్సిన చోట ఖాళీ గీత కనిపించేది. మిగతావన్నీ వస్తున్నాయి కదా అని ఊరుకున్నాను. తెర నిండా పచ్చచుక్కలు చూసుకుని, కొత్త అల్లుడిలా మురిసిపోతూ కాఫీకి వెళ్లాను.

ఆ మర్నాటి మధ్యాహ్నమే క్వారీ చుక్క ఎర్రబడింది. సాయంత్రానికి పచ్చబడింది. రెండు రోజులాగి మళ్లీ అదే వరస.

మనిషి మాయమైతే ముందు బంధువుల ఇళ్లలో వెతికినట్టు, మిషను మాయమైతే ముందు దారిలో వెతకాలి. క్వారీ కబురు అందుకునే ఫ్యాక్టరీ మీది యాంటెన్నా చూశాను, బాగానే ఉంది. కేబులు మార్చాను. నా ప్రోగ్రామే పడిపోతోందేమోనని దాన్ని తీసేసి మళ్లీ పెట్టాను. అయినా చుక్క ఎర్రబడుతూనే ఉంది. చివరికి ఫ్యాక్టరీ జీపు తెప్పించుకుని క్వారీకే బయల్దేరాను.

కాటా ఆపరేటరును అందరూ భాయ్ అనేవారు. జగ్గయ్యపేటలోనే పుట్టి పెరిగిన మనిషి. పలచని గడ్డం, ఇస్త్రీ చెదరని చొక్కా. నేను వెళ్లేసరికి గది తుడిచి ఉంది, కుర్చీ వేసి ఉంది, గ్లాసులో టీ పొగలు కక్కుతోంది. మిషను మాత్రం ఏమీ ఎరగనట్టు ఝుమ్మని నడుస్తోంది.

"దానంతటదే ఆగిపోతందండి. కాసేపాగి మీట నొక్కితే మళ్లీ వస్తంది" అన్నాడు భాయ్.

మూత విప్పి చూశాను. ఫ్యాను శుభ్రంగా ఉంది. ఇలాంటి చోట ఇంత శుభ్రంగా ఎలా ఉందా అని ఆశ్చర్యపడ్డాను గానీ, ఎందుకని అడగలేదు. చేత్తో తాకితే పెద్ద వేడి కూడా లేదు. సాయంత్రం దాకా దాని ఎదురుగా కాపలా కూర్చున్నాను. ఒక్కసారి కూడా ఆగలేదు. నేను నందిగామ చేరిన మర్నాడు మళ్లీ ఆగింది. ఇంకోసారి వెళ్లాను, మళ్లీ అంతే. నేనుంటే బుద్ధిమంతుడు, నేను లేకపోతే మాయం. నా కోపం నషాళానికి అంటింది.

ఇంతలో నా చుక్కల లెక్క హైదరాబాదు హెడ్డాఫీసు కంటబడింది. వాళ్లకు వేడి, ఫ్యాను పట్టలేదు. వాళ్లకు కనిపించింది ఒకటే. సరిగ్గా లారీలు బారులు తీరే మధ్యాహ్నం వేళ కంప్యూటరు ఆగిపోతోంది, అప్పుడు చీటీలు చేత్తో రాస్తున్నారు. చేత్తో రాసే చీటీలో ఎంత బరువైనా రాసుకోవచ్చు కాబట్టి, ఆపరేటరే కావాలని మిషను ఆపేస్తున్నాడని వాళ్లు తేల్చేశారు. వారంలోగా వేరే కారణం చూపించకపోతే భాయ్‌ని పన్లోంచి తీసేస్తామని కబురొచ్చింది.

మేనేజరు గారు ఆ మాట చెప్పి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆయన మీద సాక్ష్యం చెప్పింది నీ తెరేనయ్యా. ఆ సాక్ష్యం నిజమో కాదో కూడా నువ్వే తేల్చు. మనిషి గురించి రాసేముందు మనిషిని చూసి రా."

నేను రెండుసార్లు చూసే వచ్చానని గొణిగాను.

"నువ్వు చూసింది మిషన్ని" అన్నారు ఆయన.

భాయ్‌కి అప్పటికే సంగతి తెలిసిపోయింది. ఫోన్ చేశాడు. "నేను ఆపట్లేదండి. నా పిల్లల మీద ఒట్టేసి చెప్తున్నా. దొంగ అనిపించుకుని పేటలో ఎట్టా తిరగనండి?" అన్నాడు. జ్వరం చూడటానికి పెట్టిన ఏర్పాటు ఒక మనిషి పరువు తీసే దాకా వచ్చింది.

బెజవాడలో కంప్యూటరు సామాన్లు అమ్మే తెలిసినాయన ఒకరుంటే, ఆ పాత రకం బోర్డు వేడిని చదివే ప్రోగ్రాము ఉన్న సీడీ కావాలని ఆయన్ను బతిమాలి తెప్పించుకున్నాను. ఇక్కడి నుంచే దాన్ని క్వారీ మిషనులోకి ఎక్కించాను. మర్నాడు పొద్దున ఖాళీ గీత ఉన్న చోట మొదటిసారి వేడి అంకె కనిపించింది. పదింటిదాకా మామూలుగానే ఉంది. ఆ తర్వాత మెట్లెక్కినట్టు ఎక్కడం మొదలెట్టింది. చేత్తో ఆపిన మిషను ఇలా కాగదు. దాన్ని ఏదో ఉడకబెడుతోంది, వేడి హద్దు దాటగానే తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అంకెలు కాగితం మీదికి తీసి మేనేజరు గారి బల్ల మీద పెట్టి, ఎందుకు కాగుతోందో కళ్లారా చూడాలని పరిగెత్తాను.

ఆ రోజు జీపు లేదు. జాతీయ రహదారి మీదికొచ్చి నిలబడితే ఖాళీ టిప్పరు ఒకటి ఆగింది. డ్రైవరు కోదాడ వైపు మనిషి.

"ఏడికి సారూ? నేను క్వారీకే పోతున్న, ఎక్కు" అన్నాడు.

నేను ఎప్పుడూ ఫ్యాక్టరీ మెయిన్ గేటులోంచి జీపులో వెళ్లేవాణ్ణి. టిప్పరు వెనక దారిన, లారీల గేటులోంచి వెళ్లింది. ఆ గేటులో నా మొహం ఎవరికీ తెలియదు. దుమ్ము కొట్టుకుపోయిన తలతో కాటా దగ్గర దిగి, తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను. భాయ్ చెమటలు కక్కుతూ చేత్తో చీటీలు రాస్తున్నాడు. అంటే మిషను ఆగిపోయిందన్నమాట.

అసలు మిషను కనిపించలేదు. దాని చోట ముదురాకుపచ్చ మందపాటి గుడ్డ తొడుగు ఒకటి నిలబడి ఉంది. అంచుకు కుచ్చులు, కింద ఎలాస్టిక్కు, ముందు వైపు ఎర్రదారంతో కుట్టిన గులాబీలు. చాలదన్నట్టు నడుముకు పురికొస కూడా బిగించి ఉంది. గుడ్డ మీద చెయ్యి పెడితే ఇస్త్రీ పెట్టెలా చురుక్కుమంది.

"ఇదేంటి భాయ్?"

"కవరండి. దుమ్ము పట్టకుండా మా ఆవిడ కుట్టింది."

"మరి నేను ఎప్పుడూ చూళ్లేదే!"

"మీరొస్తున్నారని మెయిన్ గేటు నించి ఫోన్ రాగానే తీసి మడతేసి లోపల పెడతానండి. పెద్దోళ్లు వచ్చినప్పుడు గుడ్డ కప్పి ఉంచితే ఏం మర్యాదండి?"

నేను కుర్చీలో కూలబడ్డాను. మా ఇంట్లో మాత్రం తక్కువా! టీవీకి తొడుగు, మిక్సీకి తొడుగు, చుట్టాలు వీధి మలుపు తిరిగారంటే మా అమ్మ అన్నీ లాగేసి మంచం కింద దాచేది. ఆ మర్యాదే ఇక్కడ ఒక మనిషి ఉద్యోగం మీదికి వచ్చి పడింది. మిషను ఆగినప్పుడల్లా లోపలికి దుమ్ము పోయిందనుకుని, భాయ్ పురికొస ఇంకాస్త బిగించేవాడట. ముందు కోపం వచ్చింది, దాని వెనకే నవ్వు వచ్చింది. గట్టిగా నవ్వేశాను. ఏం జరిగిందో తెలియక భాయ్ కూడా బెదురుగా నవ్వాడు.

సరిగ్గా అప్పుడే వాళ్లావిడ అన్నం క్యారియరు పట్టుకుని వచ్చింది. ఇంటి దగ్గర కుట్టు మిషను మీద జాకెట్లు కుట్టే మనిషి. సంగతంతా చెప్పాను, వీలైనంత మెల్లగానే చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది.

"అయితే ఆయన ఉద్యోగం మీదికి తెచ్చింది నేనా తమ్ముడూ? ఈ కంప్యూటరు రాకముందు బరువుల దగ్గర డ్రైవర్లతో రోజూ గొడవే. ఏ వేళకి ఇంటికొచ్చేవారో తెలీదు. ఇదొచ్చాక పొద్దు గూకేసరికి ఇంట్లో ఉంటన్నారు. దానికి ఏదన్నా చెయ్యాలనిపించి కుట్టా."

కంపెనీలో ఇంతమందిమి ఉన్నాం, ఆ మిషనుకు కృతజ్ఞత చెప్పాలని ఎవరికి తోచింది?

"దుమ్ముకు భయపడటం తప్పు కాదక్కా. మీ గుడ్డ వల్లే దాని ఫ్యాను అంత శుభ్రంగా ఉంది. కాకపోతే అదీ మనలాగే ఊపిరి పీల్చుకోవాలి, ముక్కూ నోరూ మూసేశాం" అన్నాను.

ఆవిడ కాసేపు గదంతా చూసింది. "అయితే దుమ్ముని కిటికీ దగ్గరే ఆపుదాం" అంది. మర్నాటికల్లా పేట బజారు నుంచి వట్టివేళ్ల తెర ఒకటి తెప్పించి కిటికీకి కట్టించింది. గులాబీల తొడుగు కుట్లు విప్పి, ఇంకో ముక్క అతికి తలుపుకు కర్టెను చేసింది. రోజూ మధ్యాహ్నం క్యారియరు తెచ్చినప్పుడు వట్టివేళ్ల మీద నీళ్లు చల్లి వెళ్లేది. గదంతా చల్లగా, కమ్మగా ఉండేది.

మిషను ఆ తర్వాత ఆగలేదు. తొడుగుతో ఉన్నప్పటి వేడి, తీసేశాక వేడి పక్కపక్కన పెట్టి హెడ్డాఫీసుకు రాశాను. మేనేజరు గారు దాని కింద తన చేత్తో ఒక వాక్యం చేర్చారు: "కంపెనీ మిషను పాడవకూడదని సొంత గుడ్డ కప్పిన మనిషిని తీసేయమని నేను రాయలేను." భాయ్ ఉద్యోగం నిలబడింది. అనుమానపడినందుకు హెడ్డాఫీసు నుంచి ఒక్క మాట కూడా రాలేదు. అందుకు నాకు ఇప్పటికీ మంటగానే ఉంటుంది.

ఆ తర్వాత నా తెర మీద ఒక వింత మొదలైంది. క్వారీ మిషను వేడి మధ్యాహ్నం భోజనాల వేళకు కాస్త పెరిగి, ఉన్నట్టుండి దిగేది. అక్క వచ్చి నీళ్లు చల్లిందన్నమాట. నందిగామలో కూర్చుని ఆ దిగుడు చూసి, భాయ్ క్యారియరు విప్పుతున్నాడు, మనమూ తిందాం అనుకుని లేచేవాణ్ణి. నాకు అదే భోజనం గంట అయింది.

ఒకరోజు అంకె దిగలేదు. ఆకలేస్తున్నా కూర్చున్నాను. అది ఎక్కుతూనే ఉంది. ఫోన్ చేశాను.

"అక్క రాలేదా భాయ్?"

"పొద్దున్నించీ విపరీతంగా జొరమండి. పక్కింటోళ్లు ఆసుపత్రికి తీసుకెళ్లారంట. మీకెట్టా తెలిసిందండీ?"

"మరి మీరింకా అక్కడేం చేస్తున్నారు?"

"నేను బయటికెళ్లాక ఇది వేడెక్కి ఆగిపోతే మళ్లీ మీట నొక్కడం ఇక్కడ ఎవరికీ రాదండి. మళ్లీ ఎర్రచుక్క పడితే..." అని ఆపేశాడు.

నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అక్కడ భార్య ఆసుపత్రిలో ఉంది, ఇక్కడ ఈయన నా తెర మీది చుక్కకు భయపడి కదలడం లేదు.

"భాయ్, మీ చేత్తో మీరే మీట నొక్కి మిషను ఆపెయ్యండి. చీటీలు గేటు దగ్గరాయన్ని రాయమనండి. మీరు వెళ్లండి. ఎర్రచుక్క సంగతి నేను చూసుకుంటా" అన్నాను.

ఫోన్ పెట్టేసి తెర వైపు చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి క్వారీ చుక్క ఎర్రబడింది. కారణం రాయాల్సిన చోట నా పేరు వేసి, "నేనే ఆపమన్నాను" అని రాశాను. ఆ చుక్క ఎర్రబడినందుకు నేను సంతోషపడింది ఆ ఒక్కరోజే.

అక్క కోలుకోవడానికి చాలా రోజులు పట్టింది. అన్నాళ్లూ మధ్యాహ్నం అంకె దిగలేదు, నేను ఫోన్ చేసి ఎలా ఉందో కనుక్కునేవాణ్ణి. ఒక మధ్యాహ్నం ఫోన్ చేద్దామని చెయ్యి చాపుతుండగా అంకె టక్కున దిగింది. ఫోన్ చెయ్యకుండా లేచి, అన్నం తినడానికి వెళ్లాను.