జాబితాలో అక్క పేరు

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నేను విసుగొచ్చి లేచి పక్క గదిలోకి పోయేవాణ్ణి. చిన్నప్పుడు గొర్రెల దొడ్డి దగ్గర ఒంటరిగా పడుకున్నవాణ్ణి కాబట్టి చీకటి భయం ఎప్పుడూ లేదు. తర్వాత పుస్తకాలు చదివాను. మార్కాపురంలో ఒక జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. కంటికి కనిపించనిది ఉందని ఎవరైనా అంటే, దాన్ని ఏ పరికరంతో కొలిచారో అడగమని పిల్లలకు చెప్పేవాణ్ణి.

ఇప్పుడు నేను రాస్తున్నది ఒక పరికరం చూపించిందే. నమ్మమని ఎవరినీ అడగను. దీని వెనక నేను దాచిన సంగతి ఒకటుంది. అది బయట పెట్టడానికే రాస్తున్నాను.

మా అక్క నాకంటే పధ్నాలుగేళ్లు పెద్ద. అమ్మ పోయాక నన్ను సాకింది ఆమే. ఆమెను పుల్లలచెరువు మండలంలో అడవి అంచు పల్లెకు ఇచ్చారు. పిల్లలు లేరు. బావ పోయాక కూడా గొర్రెల మందను వదల్లేదు. నేను గిద్దలూరులో చదువుకున్నది ఆ గొర్రెల మీదే.

రెండేళ్ల కిందట అక్క మోకాళ్లు పూర్తిగా పట్టేశాయి. గొర్రెలను మరిది కొడుకు చెన్నయ్యకు అప్పగించి మా ఇంటికి వచ్చింది. ఇంటి వెనక గదిలో ఉండేది.

అక్కకు ఫోన్ నేనే కొనిచ్చాను. మాటలకు సరిపోయే చిన్న రీచార్జి చేయించి, ఇంట్లో వైఫై ఉంది కదా అని నెట్ వేయించలేదు. చదువు రాదు గానీ చెన్నయ్య ఫొటో మీద వేలు పెడితే వీడియో కాల్ పోతుందని నేర్చుకుంది. రోజూ పొద్దున తొమ్మిది దాటాక వెనక కిటికీ కింద పలక రాతి బండ మీద కూర్చునేది. మా గోడలు మందం, ఆ గదిలో అక్కడొక్కచోటే సిగ్నల్ అందేది. అటువైపు చెన్నయ్య మందను తోలుకుపోతూ ఊరి బయట మిట్ట ఎక్కి, ఫోన్‌ను గొర్రెల వైపు తిప్పేవాడు. అక్క ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలిచేది. అడవిలో ఎలా అరిచేదో ఇక్కడా అలాగే అరిచేది.

మొదట నాకదేమీ అనిపించలేదు. ఒకరోజు కాలేజీ వాళ్లు లెక్చరర్లకు ఆన్‌లైన్‌లో శిక్షణ పెట్టారు. నేను మాట్లాడాల్సిన వంతు వచ్చింది. రెండు వాక్యాలు కాలేదు, వెనక నుంచి అక్క గొంతు వచ్చింది. "హెయ్, బొల్లీ! ఆ కంపలోకి యాడికే పోతాండావు? సచ్చినదానా, ఇటు తిరుగు!"

తెర మీద నలభై మొహాలు నవ్వాయి. ఒకాయన, "సార్, ఇంట్లో మేపుతున్నారా?" అన్నాడు. నేనూ నవ్వాను. "పక్కింటి వాళ్లండీ" అన్నాను.

ఆ మధ్యాహ్నమే రౌటర్ పేజీ తెరిచాను.

నెట్ పెట్టిన మనిషి నా ఫోన్ నంబర్‌నే పాస్‌వర్డ్‌గా పెట్టి పోయాడు. నా నంబర్ వీధిలో అందరికీ తెలుసు. రౌటర్ వెనక అంటించిన చీటీ చూసి లోపలికి వెళితే, మా ఇంట్లో ఉన్నవి నాలుగు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్. జాబితాలో పందొమ్మిది కనిపించాయి. రౌటర్ పేజీకి వేరే పాస్‌వర్డ్, వైఫైకి వేరే పాస్‌వర్డ్ పెట్టాను. మావి ఏవో గుర్తుండాలని ఒక్కోదానికీ ఇంగ్లీషు అక్షరాల్లో పేరు టైపు చేశాను. అక్క ఫోన్‌కు అక్క అనే పెట్టాను. ఇంతవరకూ ఎవరైనా చేసుకోవలసిన పనే.

కొత్త పాస్‌వర్డ్ నా భార్య ఫోన్‌లోనూ, కూతురి ఫోన్‌లోనూ నేనే కొట్టాను. అక్క ఫోన్‌లో కొట్టడానికి ఒక నిమిషం పట్టేది. కొట్టలేదు.

మర్నాడు అక్క కిటికీ నుంచి అడిగింది. "ఏంది నాయనా, ఇయ్యాల రాలేదే?"

"నెట్ రావడం లేదక్కా. కురిచేడు కాడ వైరు తెగిందంట" అన్నాను. అనుకోకుండా నోట్లోంచి వచ్చిన ఊరు అది.

అక్క నవ్వింది. "మా కర్రిది గాని కొరికిందేమో సూడమను. దానికి నోరూరుకోదు."

ఆ అబద్ధం ఇరవై రోజులు చెప్పాను. మామూలు కాల్‌లో చెన్నయ్య మాట్లాడుతూనే ఉన్నాడు. "మాట్లాడితే ఏమొస్తాదిరా, కంటికి కనపడాల గదా" అనేది అక్క. రోజూ తొమ్మిదికి బండ మీద కూర్చుని, ఫోన్ గోడకు ఆనించి చూసేది.

నా భార్య ఒకసారి, "అక్కకు రానిది మనకెట్ల వస్తాంది?" అంది. "అక్క వీడియో నడిస్తే అమ్మాయి క్లాసులు ఆగిపోతున్నాయి, కొన్నాళ్లు ఉండనీ" అన్నాను. ఆమె మళ్లీ అడగలేదు. మా అమ్మాయి ఆన్‌లైన్ క్లాసు మాటలు ఆ కిటికీలోంచి అక్కకు వినపడేవి. వినపడుతున్నాయని నాకు తెలుసు. అక్క దాని గురించి నన్ను ఒక్కసారి కూడా అడగలేదు.

ఇరవై ఒకటో రోజు పొద్దున కాఫీ ఇవ్వడానికి నేనే వెళ్లాను. బండ మీద గోడకు ఒరిగి ఉంది. గుండె ఆగిందని డాక్టర్ చెప్పాడు. ఫోన్ చేతిలోనే ఉంది. తెర మీద మా వైఫై పేరు, దాని కింద పాస్‌వర్డ్ అడిగే ఖాళీ గడి. ఎవరూ రాకముందే నేను ఆ ఫోన్ తీసుకుని స్విచాఫ్ చేశాను. చనిపోయిన అక్క కోసం నేను చేసిన మొదటి పని అది.

వాళ్ల పల్లెకే తీసుకుపోయి బావ పక్కన పూడ్చాం. మా ఇళ్లలో మనిషి వాడుకున్నవి ఒకటి రెండు గుంతలో పెడతారు. వక్కాకు సంచి పెట్టారు, గొంగడి పెట్టారు. చెన్నయ్య, "మామా, ఆ ఫోన్ గూడా పెడదాం. దాంట్లోనే గదా గొర్లను సూసేది" అన్నాడు. జేబులోంచి తీసి ఇచ్చాను. అప్పుడు నాకు కలిగింది దుఃఖం కాదు. ఒక సాక్ష్యం పోయిందని ఊపిరి పీల్చుకున్నాను. మట్టి వేసి పైన బండలు పేర్చడం నా కళ్లతో చూశాను.

మూడో రోజు పిట్టకు పెట్టాం. చనిపోయినవారికి ఇష్టమైనవి వండి సమాధి దగ్గర ఉంచి, కాకి వచ్చి ముట్టేదాకా ఎదురుచూస్తారు. ముట్టకపోతే ఏదో కొరత మిగిలిందని అర్థం. అప్పుడు ఒక్కొక్కరూ ముందుకు వచ్చి పైకే మాట ఇస్తారు. నేను వాటిని నమ్మేవాణ్ణి కాదు, అయినా నిలబడ్డాను. తుమ్మచెట్టు మీద కాకి ఉంది. దిగడం లేదు.

"ఏందో మనసులో పెట్టుకుని పోయింది. ఎవురేం చెప్పాల్నో చెప్పండ్రా, ఎండెక్కుతాంది" అంది ఊళ్లో పెద్దామె ఒకరు.

చెన్నయ్య చేతులు కట్టుకున్నాడు. "పెద్దమ్మా, నీ గొర్లను కోతకు అమ్మను. బొల్లిది ముసిల్ది అయినా ఇంట్లోనే ఉంటాది. తిను." కాకి కదల్లేదు. అతను నా వైపు తిరిగాడు. "మామా, నువ్వు చెప్పు. పానమంతా నీ మీదనే ఆమెకు."

చెప్పాల్సిన మాట నాకు తెలుసు. వెనక మా కాలేజీ వాళ్లు ఇద్దరు నిలబడి ఉన్నారు. "ఏటేటా నీ కార్యం నేనే చేస్తానక్కా" అన్నాను. కాకి ఎగిరిపోయింది. చివరికి అన్నం ఆవుకు పెట్టారు.

నాలుగో రోజు పొద్దున మార్కాపురంలో ఇంటికొచ్చి రౌటర్ పేజీ తెరిచాను. పరామర్శకు వచ్చిన బంధువులకు నా భార్య పాస్‌వర్డ్ ఇచ్చింది, వాళ్లను తీసేద్దామని. అక్క పోయిన నాలుగో రోజు నేను చేస్తున్న పని ఇది.

జాబితాలో అక్క పేరు వెలుగుతోంది. ఆ పొద్దునే తొమ్మిది పన్నెండుకు కలిసినట్టు ఉంది. నేను చూస్తుండగానే ఆరిపోయింది.

పాత వివరమేదో మిగిలిపోయి ఉంటుందనుకున్నాను. ఎందుకైనా మంచిదని కొత్త పాస్‌వర్డ్ పెట్టాను. ఈసారి భార్యకు చెప్పలేదు, కూతురికి చెప్పలేదు. కాగితం మీద రాయలేదు.

ఐదో రోజు ల్యాప్‌టాప్‌ను వైరుతో రౌటర్‌కు కలిపి, తొమ్మిదికి దాని ముందు కూర్చున్నాను. వైఫై మీద ఒక్క పరికరమూ లేదు. తొమ్మిది పన్నెండుకు అక్క పేరు వచ్చింది. పక్కన అంకెలు పెరుగుతున్నాయి, అంటే నెట్ నడుస్తోంది. వెనక గదిలోకి వెళ్లాను. బండ మీద ఎవరూ లేరు. కిటికీ అవతల వీధిలోనూ ఎవరూ లేరు. తిరిగి వచ్చాను. ఇంకా వెలుగుతూనే ఉంది.

ఆ పేరు పక్కన, ఆ పరికరాన్ని ఇక రానివ్వకుండా ఆపే మీట ఒకటుంటుంది. దాన్ని నొక్కాను. పేరు ఆరిపోయింది.

భయంతో నొక్కానని చెప్పుకోవచ్చు. అది కూడా నిజం కాదు. అలవాటుగా నొక్కాను.

పది నిమిషాలకు చెన్నయ్య ఫోన్ చేశాడు. "మామా, ఒక మాట సెప్తా, నవ్వగాకు" అన్నాడు. "నిన్నా ఇయ్యాలా పెద్దమ్మ నంబర్ నుంచి వీడియో కాల్ వచ్చినాది."

"ఏం కనిపించింది?"

"ఏం లే. తెరంతా నల్లగా ఉండాది. మాట లేదు. నేను గొర్లను జూపిచ్చినా."

"భయం కాలేదా చెన్నయ్యా?"

"పెద్దమ్మే గదా మామా. భయమెందుకు? నిన్న సానాసేపు సూసినాది. ఇయ్యాల మజ్జలో తెగిపాయ. బొల్లిది కంప సాటున ఉన్నింది, దాన్ని జూపిద్దామని అటు పోతాండా. అంతలోకే పాయ."

ఫోన్ పెట్టేసి ఆ మీట వెనక్కి తిప్పాను. పాస్‌వర్డ్ పూర్తిగా తీసేశాను. ఆరో రోజు తొమ్మిదికి కూర్చున్నాను. ఏడో రోజూ కూర్చున్నాను. మళ్లీ రాలేదు.

నెట్ పెట్టిన మనిషిని పిలిపించి అడిగాను. పాత పేర్లు జాబితాలో ఉండిపోవడం మామూలే, కానీ పాస్‌వర్డ్ మారాక అది కొట్టకుండా ఏ ఫోనూ కలవదన్నాడు. "మీరే కొట్టుంటారు, మర్సిపోయింటారు సార్" అని నా మొహం చూసి టీ తాగకుండా వెళ్లిపోయాడు.

పెద్దదినం కార్యానికి పల్లెకు పోయినప్పుడు చెన్నయ్య ఫోన్ తీసుకుని చూశాను. రెండు కాల్స్ ఉన్నాయి, రెండూ తొమ్మిది పన్నెండుకు. మొదటిది పదకొండు నిమిషాలు, రెండోది నాలుగు. నేను మీట నొక్కింది తొమ్మిది పదహారుకు. సమాధి మీద బండలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అక్కడి నుంచి మా ఇంటికి రెండు బస్సులు మారాలి. మా వైఫై వీధి చివరికి కూడా అందదు. ఆ నంబర్‌తో ఇంకెవరో కాల్ చేసి ఉండొచ్చని, అక్క ఫోన్ గుర్తింపు సంఖ్యతో ఇంకో ఫోన్ కలిసి ఉండొచ్చని, అన్నీ ఆలోచించాను. నా ఒక్కడికే తెలిసిన పాస్‌వర్డ్ దగ్గరికి వచ్చేసరికి ప్రతి ఆలోచనా ఆగిపోతుంది. ఇప్పటికీ అక్కడే ఆగి ఉంది.

మా వైఫైకి ఇప్పుడు తాళం లేదు. వీధంతా వాడుకుంటుంది. పొద్దున తొమ్మిదికి కాలేజీకి బయల్దేరే ముందు నేను ఆ జాబితా చూస్తాను. తెలియని పేర్లు ఇరవై దాకా ఉంటాయి.

పెద్దదినం అయ్యాక చెన్నయ్య నన్ను బస్సెక్కించడానికి రోడ్డు దాకా వచ్చాడు. బస్సు కనిపించేటప్పుడు అడిగాడు.

"మామా, పోకముందు ఇరవై దినాలు పెద్దమ్మ వీడియో ఎందుకు సెయ్యలేదు? మామూలు ఫోన్లో అడిగితే మాట మార్సేది. రోజూ మిట్టెక్కి నిలబడినా. నామీద ఏమన్నా కోపమా?"

చెప్పడానికి అంతకంటే మంచి చోటు, మంచి మనిషి నాకు దొరకరు. చుట్టూ ఎవరూ లేరు.

"కోపమేం లేదు చెన్నయ్యా, నెట్ రాలేదు" అన్నాను. "కురిచేడు కాడ వైరు తెగింది."

"అట్లనా" అన్నాడు. మొహం తేటపడింది. నా సంచి అందుకుని బస్సులో పెట్టాడు.