మామిడి కొత్తకు ముందు

మా కొండ మీద మామిడి ఎంత విరగ్గాసినా, కొత్త పెట్టేదాకా, అంటే తొలికాపు నైవేద్యం అయ్యేదాకా, రాలిన పిందెను కూడా ఎవరూ ముట్టుకోరు. ముందు కొండదేవరకు, తరువాత ప్రతి ఇంటి పెద్దలకు అడ్డాకుల్లో వాటా పెడతారు. పెద్దలంటే చనిపోయినవాళ్ళు. వాళ్ళు తిన్నాకే మేము తింటాం. ఆ ఏడు ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే నియమం ఇంకా గట్టిది. కొత్త పెట్టే పూట పూజారి ఆ ఇంటివాళ్ళను ఒక్కొక్కరినీ అడుగుతాడు, నోట్లో కొత్త పడిందా అని. ఒక్కరు పడిందన్నా పోయినవాడికి వాటా ఉండదు. అతను పెద్దల వరుసలో కూర్చోలేడు. మళ్ళీ కాపు వచ్చేదాకా ఇంటి బయటే నిలబడతాడు. ఇంటివాళ్ళు కూడా ఆ ఏడు మామిడి ముట్టరు.

మా నాన్న కిందటి వానాకాలంలో చనిపోయాడు. వాగులు పొంగి ఉన్నాయి. సింగపూర్ నుంచి బయలుదేరి ఊరు చేరడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అప్పటికే అంతా అయిపోయింది. కొడుకుగా నాకు మిగిలింది ఈ కొత్త ఒక్కటే. దానికీ సెలవు దొరకలేదు. ఫోన్‌లో అడిగినా చెల్లుతుందని పూజారి ఒప్పుకున్నాడు. ఆయన నాన్నకు అన్న, మాకు పెదనాన్న. ఆదివారం, సింగపూర్ లెక్కన పొద్దున పదకొండున్నరకు, అన్నయ్య ఆయన్ని సిగ్నల్ అందే గట్టు మీదికి తీసుకొచ్చి ఫోన్ చేయాలి.

నేను ఇక్కడ చోవా చూ కాంగ్ అనే పేటలో ఒక ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. అదే అంతస్తులో కాకినాడ ఆంటీ ఒకావిడ ఉంది. ఆ గురువారం ఉగాది. పొద్దున నేను ఆఫీసుకు బూట్లు వేసుకుంటుంటే పచ్చడి గిన్నెతో వచ్చింది.

“ఏడాది తిరగలేదు కదా, నువ్వు పండగ చేసుకోవని తెలుసు. అందుకే నేనే తెచ్చా. నోరు తెరు.”

“బస్సు టైమైంది ఆంటీ. అక్కడ పెట్టండి, వచ్చాక తింటా.”

“నీ వచ్చాక తినడం నాకు తెలీదా? చవితికిచ్చిన ఉండ్రాళ్ళు మూడ్రోజులు ఫ్రిజ్‌లోనే పడున్నాయి. తెరు బాబూ.”

నా చేతులు లేసుల్లో ఉన్నాయి. చెంచా పెదవులకు తగిలింది. వద్దనడానికి ఒక్క మాట చాలు. కాని ఆ మాట అంటే మా కొండ గురించీ నాన్న గురించీ మొత్తం చెప్పాలి. గుమ్మంలో నిలబడి అది చెప్పాలనిపించలేదు. మింగాను. వేపపువ్వు చేదు వెనకే పచ్చి మామిడి ముక్క పంటి కింద తెగింది.

మూడు రోజులు నాలో నేను వాదించుకున్నాను. ఆ కాయ ఏ దేశం నుంచి వచ్చిందో, మా కొండది మాత్రం కాదు. మా లాంటి కొండవాళ్ళ ఆచారాల మీద పండితులు రాసిన పుస్తకాలు చాలానే చదివాను. నియమం ఎందుకు పుట్టిందో వాటిలో ఉంటుంది. కాయ ముదరకముందే కోసేస్తే టెంక పనికిరాదు, టెంకపిండి అంబలే ఒకప్పుడు వానాకాలపు తిండి. ఇప్పుడు రేషన్ బియ్యం ఉన్నా అమ్మ టెంకలు ఎండబెడుతూనే ఉంది. ఆ వివరణలో తప్పేమీ లేదు. నాకది పనికి రాలేదు.

ఆదివారం ఫోన్ ఇరవై నిమిషాలు ఆలస్యంగా మోగింది. అవతల గాలి హోరు.

“పెదనాన్నకిస్తన్నా. గబగబా చెప్పెయ్, సిగ్నల్ పోద్ది,” అన్నాడు అన్నయ్య. “అమ్మది, నాది, మీ వదినది అయిపోయినాయి. నీదే మిగిలింది.”

పెదనాన్న దగ్గి గొంతు సవరించుకున్నాడు. “ఏరా, వినబడతందా? అక్కడ ఏడాదంతా కాస్తాయంట గదా మామిళ్ళు?”

“ఏడాదంతా కాయవు పెదనాన్నా, అమ్ముతారు.”

“సర్లే. మీ అయ్య పేరు మీద అడుగుతున్నా. నీ నోట్లో కొత్త పడిందా?”

కింద ఊళ్ళో అడ్డాకులు పరిచి ఉంటాయి. అందరూ పొద్దుట్నుంచి ఏమీ తినకుండా కూర్చుని ఉంటారు. లేదనడానికే నోరు తెరిచాను.

“పడింది,” అన్నాను. “గురువారం. పక్కింటావిడ పెట్టింది.”

“తెలిసే తిన్నావా?”

“తెలిసే.”

అన్నయ్య ఫోన్ అందుకున్నాడు.

“లేదని ఒక్క మాటంటే ఎవడికి తెలిసేదిరా? అమ్మ కింద ఆకు పట్టుకుని కూర్చుంది. ఏం చెప్పమంటావు?”

“జరిగింది చెప్పు.”

“నీకేం, చెప్పేసి ఫోన్ పెట్టేస్తావు. కిందికి దిగాల్సింది నేను.”

లైన్ తెగింది.

సాయంత్రం అన్నయ్యే మళ్ళీ చేశాడు. కోపం తగ్గలేదు. మిగతా ఇళ్ళవాళ్ళు తిన్నారట. మా ఇంటి ఆకును అమ్మే ఖాళీగా మడిచి చూరులో పెట్టిందట. పెదనాన్న అందరికీ పంచి, తాను మాత్రం తినలేదట. తన తమ్ముడు, మా నాన్న, ఒక్కడే ఇంటి బయట ఉండకూడదని, ఈ ఏడు తానూ మామిడి ముట్టనన్నాడట.

“వచ్చే కొత్తకి నువ్విక్కడ ఉండాల,” అన్నాడు అన్నయ్య.

“ఉంటాను.”

“నువ్వుంటావు, సరే. ఆయన ఇయాల గట్టెక్కడానికే మూడుసార్లు కూలబడ్డాడు. నాన్నకి వాటా పెట్టడానికి అప్పటికి ఆయనుండాల గదా?”

నేను ఫోన్ పెట్టెయ్యలేదు. అన్నయ్య కూడా పెట్టెయ్యలేదు.