చిన్నాయన కాళ్ళు, మా లైసెన్సు

ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కితే నాకు మామూలుగా కునుకు పడుతుంది. ఆ రోజు పట్టలేదు. ఒళ్ళో బ్యాగు, బ్యాగులో ఫోను, ఫోనులో హైదరాబాదు కంపెనీ ఆయన పెట్టిన మెసేజు. సోమవారానికి మీ జవాబు రాకపోతే మిషను వేరే ఊరికి పంపిస్తాం మేడం అని. ఎన్నిసార్లు చదివినా అవే మాటలు.

నేను కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెబుతాను. నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి ఎమ్మిగనూరులో నేతపని చేసే ఇంటికి కోడలుగా వెళ్ళింది. ఆమె మామగారు చీర అంచు బొమ్మను గళ్ళ కాగితం మీద చుక్క చుక్కగా దించుకోవడం చూసి, ఈ పని కంప్యూటరు చేస్తే బాగుంటుంది కదా మేడం అని ఫోన్ చేసింది. అట్లా మొదలైంది. బొమ్మను గళ్ళుగా మార్చే భాగం నేను రాశాను. అంచు ఎక్కడా తెగకుండా మళ్ళీ మళ్ళీ వచ్చేలా కలిపే భాగం ఆమె రాసింది. నిజం చెప్పాలంటే ఆ ప్రోగ్రాం పనికొచ్చిందే ఆమె భాగం వల్ల.

దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టేటప్పుడు ఇద్దరం అనుకుని కాపీలెఫ్ట్ లైసెన్సు పెట్టాం. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చింది ఇంకొకరికి ఇస్తే మాత్రం ఆ మార్చిన కోడు కూడా ఇదే షరతు మీద ఇవ్వాలి. తాళం వేయకూడదు. ఇంకో రకం ఉంది, పర్మిసివ్ అంటారు. అందులో మన పేరు ఒక మూల ఉంచితే చాలు, తీసుకున్నవాడు దాన్ని తన సరుకులో కలుపుకుని మూసేసుకోవచ్చు. మా ప్రోగ్రాంను తమ మిషన్లలో పెట్టి అమ్ముకోవాలనుకున్న ఆ హైదరాబాదు కంపెనీకి కావలసింది ఈ రెండోది.

బదులుగా వాళ్ళిచ్చేది మోటారుతో నడిచే జకార్డు, అంచు బొమ్మ పడేలా పోగుల్ని పైకెత్తే మిషను. పరీక్ష కోసమని చిన్నాయన మగ్గం మీదే బిగిస్తామన్నారు. చిన్నాయన అంటే ఆ అమ్మాయి మామగారే, నేనట్లా పిలుస్తాను. ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి. మగ్గం కింది గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, పైనున్న జకార్డు లేచేలా కాలితో తొక్కాలంటే అది మామూలు బరువు కాదు. తొక్కినప్పుడల్లా పళ్ళు బిగిస్తాడు. నేను చూడలేక గోడ వైపు తిరుగుతాను. మోటారు వస్తే ఆ తొక్కుడు ఉండదు.

ఫోన్‌లో ఆ కంపెనీ ఆయనతో "లైసెన్సుదేముంది, మార్చేద్దాం లెండి" అనేశాను. ఫోన్ పెట్టాక గానీ అసలు సంగతి గుర్తుకు రాలేదు. రాసినవాళ్ళందరూ ఒప్పుకుంటే తప్ప లైసెన్సు మార్చడానికి లేదు. నేనేమో అంతా నేనే రాసినట్టు మాట్లాడాను. నా నోటికి అదుపు లేదని మా అమ్మీ ఊరికే తిట్టేది కాదు.

ఆ ఇంట్లో రెండు మగ్గాలు. నేను వెళ్ళేసరికి చిన్నాయన ఒకదాని మీద నేస్తున్నాడు. రెండోదాని ముందు కోడలు పడుగు, అంటే నిలువు పోగులు, అతుకుతోంది. పాత పడుగు అయిపోయినప్పుడు చివరి జానెడు పోగుల్ని మగ్గంలోనే వదులుతారు. వేళ్ళకు బూడిద అద్దుకుని కొత్త పోగుల్ని ఒక్కొక్కటిగా ఆ పాతవాటికి మెలేస్తారు. ఆ జానెడు లేకపోతే ప్రతి పోగునూ మొదటినుంచి ఎక్కించుకోవాలి. అందుకే కూలికి నేసినవాడైనా సరే, మగ్గం వదిలి పోయేటప్పుడు ఆ జానెడు ఉంచి పోవాల్సిందే.

పక్కన కూర్చుని కంపెనీ మాట చెప్పాను. నా గొంతు నాకే బాగా అనిపించలేదు.

"ఆ మిషన్ల అంచు మార్చుకోవల్లంటే మనకు అయితాదా మేడం?"

"వాళ్ళు తెరిస్తేనే."

"నేను రాసిందాన్ని నేను తెరవనీకి లేదా?"

"నీ దగ్గరున్న కాపీ ఎప్పటికీ నీదే. మిషన్లో ఉండేది మాత్రం వాళ్ళది."

ఆమె ఇంకో పోగు మెలేసింది. వద్దని ఆమే అనాలని నాకుంది, మిషను పోయిన నింద నా మీద పడకుండా. సరే అంటే బాగుండునని కూడా ఉంది. రెండూ ఒకేసారి కోరుకుంటున్నందుకు సిగ్గేసింది.

"మామ కాళ్ళు చూస్తే సరే అనాలనిపిస్తాంది," అంది గొంతు తగ్గించి. "ఈ పని చేస్తా చేస్తా మనసు రావడం లేదు. మావోళ్ళు కూలి మగ్గం మీద గూడా జానెడు వదిలిపెట్టి పోతారు. ఈళ్ళు మనది తీసుకోని అది గూడా వదలరా?"

"వదలరు."

"అయితే నేను ఒప్పుకోను మేడం."

పక్క మగ్గం చప్పుడు ఆగిపోయింది. ఆయన వింటున్నాడన్న సంగతే మరిచిపోయాం.

"నా కాళ్ళ గురించి మీరిద్దరే మాట్లాడుకుంటాండారు," అన్నాడు చిన్నాయన. "నన్నొక మాట అడగల్లని తోచలేదా మీకు?"

కోడలు మెలేస్తున్న పోగు వదిలేసింది.

"మిషను కావల్ల నాకు. అబద్ధమెందుకు? వస్తాదని వీధిలో అందరికీ చెప్పుకున్నా." కాసేపు మోకాలు రాసుకున్నాడు. "కానీ ఆ యమ్మి రాసింది ఆ యమ్మిది. నా కాళ్ళు చూపించి దాన్ని ఇయ్యమని నేనెట్ల అడిగేది? రాసెయ్ టీచరమ్మా, కాదని."

కోడలు తల ఎత్తలేదు. ముక్కు తుడుచుకుంటే చెంపకు బూడిద అంటుకుంది. నేను ఫోను తీసి, లైసెన్సు మార్చలేం, ఉన్న షరతు మీద మీరూ వాడుకోవచ్చు, మీ మార్పులూ తెరిచి ఇవ్వండి అని రాసి పంపాను. నేను చెప్పులు వేసుకునేలోపే జవాబు వచ్చింది. సరే మేడం, మిషను వేరేచోటికి పంపిస్తున్నాం అని.

చదివి వినిపించాను. చిన్నాయన తలాడించి మళ్ళీ గుంతలో కాలు పెట్టాడు. నేను బస్టాండుకు బయలుదేరాను. మేం చేసింది సరైనదేనని ఆ రోజూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. ఆ తొక్కుడు చప్పుడు సందు చివరిదాకా వినిపించింది. చప్పుడైనప్పుడల్లా ఆయన పళ్ళు బిగిస్తున్నాడని నాకు తెలుసు. ఈసారి తిరగడానికి గోడ లేదు.