పందిరి కింద యుద్ధ వార్తలు

మా అన్న బిడ్డ పెళ్లిలో నాకు అప్పజెప్పిన పనులు రెండే. ఒకటి పందిరి వేయించడం, రెండోది బ్యాండు మేళం సంగతి చూసుకోవడం. మిగిలినవి నా చేతిలో పెడితే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. నేను బడిలో సోషల్ సారును. ఇరవై ఎనిమిదేళ్లుగా పటం ముందు కర్ర పట్టుకుని దేశాల సంగతి చెబుతున్నానే తప్ప, ఒక్కనాడూ కిలో ఉల్లిగడ్డ సరిగ్గా ఏరి తెచ్చింది లేదు. ఆ మాట నేనే ఒప్పుకుంటాను. ఇంకొకరు అంటే మాత్రం నాకు కోపం వస్తుంది.

సిద్దిపేటలో మా ఇల్లు మెయిన్ రోడ్డుకు వెనక గల్లీలో ఉంది. పెళ్లి ఇంకా మూడు రోజులుందనగా పొద్దున్నే వాకిట్లో గుంజలు పాతించి, ట్రాలీ ఆటోలో వచ్చిన నేరేడు కొమ్మలు పైన కప్పిస్తున్నాను. లోపల ఆడవాళ్లు పిల్లకు పసుపు రాస్తున్నారు. కొండపాక దగ్గర ఊళ్లో పిల్లగాడికి కూడా అదే సమయానికి రాస్తున్నారు. అతను మిలిటరీలో ఉన్నాడు. పెళ్లికని నెల సెలవు మీద వచ్చాడు. ఆ తెల్లవారుజామునే పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైందని టీవీలు ఒకటే గోల. కొమ్మలు కట్టేవాళ్లకు నేను సరిహద్దు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉందో వివరిస్తూ ఉండగా, పిల్లగాడు మా గల్లీ మలుపులో కనిపించాడు. భుజాన సంచి, చెవుల వెనక ఇంకా ఆరని పసుపు. సెలవులు రద్దయ్యాయని, వెంటనే బయలుదేరమని ఫోను వచ్చిందట.

పసుపు పెట్టాక పిల్లా పిల్లగాడూ ఒకరినొకరు చూసుకోవద్దంటారు మా ఇంట్లో. అందుకని అతను పందిరి కిందికి రాలేదు. రోడ్డు మీదే నిలబడి మా అవ్వతో, అంటే పిల్లకు నాన్నమ్మతో, మాట్లాడాడు. పిల్ల కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది. మేమందరం చూడనట్టు ఉన్నాం.

"ఆకులు ఎండకముందే వస్త, బాపమ్మా," అన్నాడు పందిరి వైపు చూసి.

పోయేవాడు ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడని నేను అనుకున్నాను. మా అవ్వ మాత్రం ఆ మాటను కొంగున ముడేసుకుంది.

మే నెల ఎండకు నేరేడు ఆకు ఎంతసేపు ఆగుతుంది. మర్నాడు పొద్దుటికే అంచులు ముడుచుకుని గలగలమంటోంది. అవ్వ వాకిట్లో నిలబడి పైకి చూసి నన్ను పిలిచింది.

"ఏంది గిది? ఆకు ఎండుతుంది, నీకు కండ్లు లెవ్వా?"

"ఎండలకు ఆకు ఎండక ఏం జేస్తదవ్వా?"

"పిలగాడు ఏమని పోయిండు? ఎండకముందు వస్త అన్నడు. మనం ఎండనియ్యద్దు. గంతే."

అతను అన్నదానికి అర్థం తొందరగా వస్తానని, పందిరికి రోజూ కొత్త ఆకు కప్పమని కాదని నేను చాలా ఓపికగా చెప్పాను. పదో తరగతి పిల్లలకు కూడా అంత ఓపికగా చెప్పి ఉండను. అవ్వ విన్నది. విని, నిచ్చెన ఎక్కడుందో అడిగింది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి నిచ్చెన ఎక్కుతానంటే చూస్తూ ఊరుకోలేం కదా, నేనే ఎక్కాను. పెరట్లో మామిడి చెట్టు కొమ్మలు నాలుగు కొట్టి ఎండిన చోట సర్దాను. అట్లా మొదలైంది ఆ పని.

నిజం చెప్పాలంటే నాకు ఆ రోజు పందిరి మీద ధ్యాస లేదు. నేను యుద్ధంలో మునిగి ఉన్నాను. బడి నుంచి పెద్ద పటం తెచ్చి ముందు గదిలో గోడకు తగిలించాను. టీవీ కట్టేయలేదు. స్టూడియోలో కూర్చున్నవాళ్లు సైరన్లు మోగించుకుంటూ ఫలానా పట్నం మనవాళ్ల చేతికొచ్చింది అంటే, ఆ పట్నం మీద ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టి, గల్లీ మొత్తం తిరిగి చెప్పొచ్చాను. మధ్యాహ్నానికి ఆ వార్త లేదు. సాయంత్రానికి అసలు ఎవరూ అనలేదన్నట్టు ఉన్నారు. రబ్బరు పెట్టి గుర్తు చెరుపుతుంటే మా అన్న బిడ్డ గుమ్మంలో నిలబడి చూసింది. దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తుంది, మాట మెత్తగా ఉండదు.

"చిన్నబాపు, రబ్బరు అరిగిపోతే నా తాన ఇంకోటి ఉన్నది, ఇస్త."

ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి. యుద్ధం నాకు పటం మీద ఉంది, ఆమెకు మనిషి మీద ఉంది. ఆ తేడా నాకు అప్పటిదాకా తట్టనందుకు సిగ్గేసింది.

సిగ్గేసినా టీవీ మాత్రం కట్టేయలేదు. ఆ పని అవ్వే చేసింది. తెర మీద ఎక్కడివో మంటలు చూపిస్తుంటే మా వదిన ఏడుపు అందుకుంది. అవ్వ వచ్చి టీవీ ఆపి, రిమోటు తీసుకుపోయి బియ్యం డ్రమ్ములో వేసి మూత పెట్టింది. "పొద్దున పేపర్ల ఏమొస్తె గదే యుద్ధం. మిగిలిందంత లొల్లి," అంది.

అప్పటి నుంచి మా ఇంట్లో వార్తల వేళ మారింది. పొద్దున ఏడు గంటలకు పందిరి కింద కుర్చీ వేసుకుని నేను పేపరు పైకి చదవాలి. నేను చదువుతుండగా మిగిలినవాళ్లు పాత ఆకు దులిపి కొత్త ఆకు కప్పాలి. వార్త వినాలనుకున్నవాళ్లు వట్టి చేతులతో రావద్దని అవ్వ ఆర్డరు. గల్లీ వాళ్లు ఒక్కొక్కరు ఒక్కో కొమ్మ పట్టుకుని వచ్చేవాళ్లు. ఎదురింటి ముసలాయన కరివేపాకు రెమ్మ తెచ్చాడు. అది కూడా కప్పాం. పని అయ్యాక మా అన్న బిడ్డ వాకిట్లో నిలబడి ఫోనులో పందిరి ఫొటో తీసి పిల్లగాడికి పంపేది. అతని నుంచి జవాబు ఉండేది కాదు. మధ్యాహ్నం ఎప్పుడో రెండు గీతలు నీలం రంగులోకి మారేవి. ఇంట్లో అన్నాలు తినేది ఆ తర్వాతే.

మూడో రోజు పేపరు నాకు బాగా గుర్తుంది. అతను ఉండే వైపునే గుండ్లు పడ్డాయని మొదటి పేజీలో ఉంది. చదువుతూ చదువుతూ ఆగిపోయాను. నిచ్చెన మీద నుంచి మా అన్న బిడ్డ అడిగింది.

"ఏమున్నది చిన్నబాపు, ఆపినవ్?"

"ఏం లేదు బిడ్డా, అద్దాలకు చెమట పట్టింది."

ఆమె నా వైపు చూసి, మళ్లీ కొమ్మ కట్టసాగింది. దిగొచ్చి ఫొటో తీసింది. నాకు భయమేసింది. ఇరవై ఎనిమిదేళ్లు యుద్ధాల పాఠాలు చెప్పాను, ఒక్క పాఠానికీ అట్లా భయపడలేదు. ఆ రోజు గీతలు నీలంగా మారేసరికి మూడు దాటింది.

నాలుగో రోజు అసలు పెళ్లి రోజు. పెళ్లి వాయిదా పడిందని చుట్టాలకు, వంటవాళ్లకు, పెళ్లి చేయించే అయ్యగారికి ఫోన్లు చేసి చెప్పారు. ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తకుండా తిరుగుతున్నారు. నేను పేపరు తెరిచి ఇంకా తారీఖు దగ్గరే ఉన్నాను. గల్లీ మలుపులో ఢమఢమా మోత మొదలైంది. ఒక్క క్షణం అందరం బిగుసుకుపోయాం. ఎదురింటి ముసలాయన కుర్చీ కిందికి వంగాడు. మలుపు తిరిగి వచ్చింది మిరుదొడ్డి బ్యాండు. ఎర్ర కోట్లు, తలపాగాలు, ముందు ఇద్దరు డప్పులు కొడుతూ, వెనక బాకాలు ఊదుతూ పన్నెండు మంది.

ఇంటిల్లిపాదీ నా వైపు తిరిగారు. నాకు అప్పజెప్పిన రెండు పనుల్లో రెండోది అది. యుద్ధంలో పడి, వాయిదా సంగతి వాళ్లకు చెప్పడమే మరిచిపోయాను.

బ్యాండు పెద్దమనిషి పందిరి ముందుకొచ్చి ఆగి, వాకిట్లో ముగ్గు లేదు, వంట పొగ లేదు, చూసి అర్థం చేసుకున్నాడు. నేను నసుగుతూ సంగతి చెప్పాను. అతని మెడలో సన్నని తాడుకు చిన్న సిలువ ఉంది. దాన్ని కోటు లోపలికి సర్దుకుని మా అవ్వకు దండం పెట్టాడు.

"పిలగాడు మంచిగ తిరిగొస్తడమ్మా. మా గుళ్లె గూడ ప్రార్థన చేపిస్త. మేం పోయొస్తం."

"యాడికి పోతరు?" అంది అవ్వ. "లగ్గం నాడు వాకిట్లకొచ్చిన బాజాను వట్టిగ పంపుడు మా ఇంట లేదు. కొట్టుండ్రి. కొమ్మలు కట్టుడు అయ్యేదాక కొట్టుండ్రి."

వాళ్లు కొట్టారు. మొదట మెల్లిగా, మొహమాటంగా. తర్వాత గల్లీ అంతా వచ్చేసరికి వాళ్లకూ హుషారొచ్చింది. మా అవ్వ నా చేతిలో పేపరు గుంజుకుంది. "నీ మతిమరుపుకు గిదే శిక్ష, ఆడు," అంది. యాభై నాలుగేళ్ల సోషల్ సారును, డప్పు ముందు చేతులు పైకెత్తి రెండు అడుగులు వేశాను. లుంగీ జారబోతే ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో ఆడుతూ నాకే నవ్వొచ్చి ఆగలేదు. నిచ్చెన మీద మా అన్న బిడ్డ నాలుగు రోజుల్లో మొదటిసారి నవ్వింది. నవ్వి నవ్వి కొమ్మ కింద పడేసుకుంది. డప్పులు ఆగకముందే దిగొచ్చి, ఆ రోజు ఫొటో కూడా తీసి పంపింది. ఆ నవ్వు కోసం పది బ్యాండ్లనైనా మరిచిపోతాననిపించింది. బ్యాండు వాళ్లు మా ఇంట్లో ఉప్మా తిని, చాయ్ తాగి పోయారు.

ఆ సాయంత్రమే కాల్పులు ఆపుతున్నారని వార్త వచ్చింది. అవ్వ తనే డ్రమ్ములో చెయ్యి పెట్టి రిమోటు తీసిచ్చింది. బటన్ల సందుల్లో బియ్యం గింజలు ఇరుక్కుని ఉన్నాయి. మర్నాడు పేపర్లో ఆగాయనీ ఉంది, ఆగలేదనీ ఉంది. ఆ పై రోజుకు నిజంగానే సద్దుమణిగింది. మా గల్లీలో కొందరు ఇదంతా మిరుదొడ్డి బ్యాండు మహిమ అన్నారు. నేను కాదనలేదు.

యుద్ధం ఆగింది కానీ పిల్లగాడికి సెలవు రాలేదు. ఇంకో నెల పోతే మూఢం, ఆ తర్వాత శ్రావణం దాకా ముహూర్తాలు లేవు. "నాకేం తొందర లేదు, శ్రావణం దాక ఆగుత," అనేది మా అన్న బిడ్డ. అంటూనే పొద్దున అందరికంటే ముందు నిచ్చెన ఎక్కేది. గల్లీలో చెట్లన్నీ బోడిగా అయ్యాయి. రోడ్డు పక్క చెట్ల మీద చెయ్యి వేస్తే మున్సిపాలిటీ వాళ్లు ఊరుకోరు. అప్పుడు ఆదుకున్నది కరెంటు లైన్‌మన్. వానలు రాకముందే తీగల కింద కొమ్మలు కొట్టడం వాళ్ల పని. ఒకరోజు కానుగ కొమ్మల మోపు తెచ్చి మా వాకిట్లో వేశాడు.

"యాడనో పారేసేటియే గదా సారు. ఇంతకు యుద్ధం ఆగినట్టేనా?"

"ఆగినట్టే. నువ్వు రేపు గూడ రా."

రోజూ వచ్చాడు. పేపర్లో యుద్ధం మొదటి పేజీ నుంచి మూడో పేజీకి, అక్కడి నుంచి లోపలికి జరిగింది. నేను ధాన్యం కొనుగోళ్ల వార్తలు కూడా పైకి చదివాను. పందిరి మాత్రం ఒక్క రోజూ ఎండలేదు.

ఇరవై రెండో రోజు పొద్దున, నేను పేపరు మడుస్తుండగా పిల్లగాడు వచ్చాడు. నల్లబడ్డాడు, చిక్కాడు. ఈసారి కూడా రోడ్డు మీదే ఆగాడు. అవ్వ ఎదురుపోయి చెయ్యి పట్టుకుని తెచ్చి పందిరి కింద నిలబెట్టింది.

"మీదికి చూడు. ఎండినయా?"

అతను తలెత్తి చాలాసేపు చూశాడు.

"ఎండలే బాపమ్మా."

"మరి మాట మీద నిలబడ్డట్టే. కూసో, చాయ్ తాగు."

మా అన్న బిడ్డ ఈసారి కిటికీ దగ్గర ఆగలేదు. చేతిలో కానుగ కొమ్మతోనే బయటికొచ్చింది. చూసుకోవద్దని ఎవరూ అనలేదు. మూడు రోజులకే లగ్గం పెట్టుకున్నాం. అదే పందిరి, అదే బ్యాండు. ఈసారి వాళ్లకు నేను నాలుగుసార్లు ఫోను చేశాను.

పెళ్లి భోజనాల దగ్గర పిల్లగాడు నా పక్కన కూర్చుని ఫోను తీశాడు. మా అన్న బిడ్డ రోజూ పంపిన ఫొటోలు. దాదాపు ప్రతి దాంట్లో పైన పచ్చని పందిరి, కింద ఓ మూల కుర్చీలో పేపరు పట్టుకుని నేను. నేనున్నానని నాకే తెలియదు.

"మామా, గాడ మాకు వార్తలేం తెల్వయి," అన్నాడు. "పగటిపూట పది నిమిషాలు ఫోను చేతికిస్తుండె. గంతే. నేను పందిరి చూస్తుంటి, నీ మొఖం చూస్తుంటి. పేపర్ల ఏమున్నదో నీ మొఖం మీద తెలుస్తది. మూడో రోజు నీ మొఖం జూసి ఏదో చెడే ఉన్నదని తెలిసింది, గని మా పోస్టుల ఎవ్వనికి చెప్పలే. నాలుగో రోజు నువ్వు పేపరు లేకుంట డప్పు ముంగట నవ్వుకుంట ఆడుతున్నవు. ఫొటో అందరికి చూపెట్టిన. మా మామ సోషల్ సారు, ఊకెనే ఆడడు, అయిపోయినట్టే అని చెప్పిన. రెండు రోజుల సంది ఎవ్వడు సరిగ తినలే మామా. ఆ పూట అందరం కడుపు నిండ తిన్నం."

కాల్పులు ఆపుతున్నారన్న వార్త వచ్చింది సాయంత్రం. వాళ్లు తిన్నది మధ్యాహ్నం. అటు పక్కన కూర్చున్న మా అన్న నవ్వుతూ, ఆ రోజు నేను ఎందుకు ఆడానో చెప్పడానికి నోరు తెరిచాడు. నేను బల్ల కింద అన్న కాలు గట్టిగా తొక్కి, పిల్లగాడి ఆకులో ఇంకో లడ్డూ వేయమని వడ్డించేవాళ్లను పిలిచాను.