బోర్లించిన పడవ

దయ్యాలున్నాయంటే నేను నమ్మను. ప్రైవేటు కాలేజీ ఆఫీసులో ఇన్నేళ్లు పనిచేశాక మనుషుల మీదే నమ్మకం పోయింది, ఇంక దయ్యాల మీద ఎక్కణ్ణుంచి తెచ్చుకునేది? నా మాటల్లో రూపాయికి పన్నెండణాలు అతిశయోక్తేనని మా ఆవిడ అంటుంది. నిజమే. ఇందులో మాత్రం పావలా కూడా లేదు.

నలభై ఏడేళ్ల వయసులో ఎంబీఏలో చేరాను. జ్ఞానం కోసం కాదు. తాడేపల్లిగూడెంలో మా కాలేజీ సూపరింటెండెంటు కుర్చీ ఖాళీ అయింది. దానిలో కూర్చోవాలంటే ఎంబీఏ ఉండాలన్నారు. వారమంతా ఆఫీసు, ఆదివారం ఏలూరులో క్లాసులు. ఎంత అలిసిపోయానంటే, పాసింజరు రైల్లో నిలబడి నిద్రపోవడం వచ్చేసింది. ఒకసారి ఆ నిద్రలోనే టీసీకి హాల్ టికెట్ చూపించాను. ఆయన 'ఆల్ ది బెస్ట్ అండీ' అని వెళ్లిపోయాడు.

పరీక్షలు ఎలాగో గట్టెక్కాయి. ప్రాజెక్టు వైవా మాత్రం రెండుసార్లు తప్పాను. మూడోసారీ పోతే మళ్లీ మొదటి సెమిస్టర్ నుంచీ చదువుకు రావాలట. ఆ మాట వినగానే ఎవరైనా కూలబడతారు, నాకు రెప్పలు కూలబడ్డాయి.

మూడో ప్రాజెక్టుకి మా బావమరిది రాంబాబు చేపల చెరువు పట్టుకున్నాను. గణపవరం దాటాక ఉంటుంది. చెరువులో వెదురు కర్రలు పాతి ఉంటాయి. పొద్దున్నే పడవ మీద వెళ్లి, తవుడు నింపిన చిల్లుల సంచుల్ని ఆ కర్రలకి కట్టుకుంటూ రావాలి. చేపలు చిల్లుల దగ్గర మూతులు పెట్టి తింటాయి. ఏసురత్నం అనే పెద్దాయన ఆ పని చేసేవాడు. సంచి కట్టే ముందు చేతిలోని గడతో పడవ అంచు మీద కొట్టేవాడు. ఒకటి. కాస్త ఆగి, వెంటవెంటనే రెండు.

"ఎందుకండీ అలా కొడతారు? చేపల్ని పిలవడానికా?" అని పెన్ను తీసి మరీ అడిగాను.

"ఆయ్, అదేం లేదండి. ఊరికే. చేతికో పని," అన్నాడు.

అంతే, నాకు ప్రాజెక్టు దొరికింది. పనికి అక్కర్లేని ప్రతి కదలికా వృథా, దాన్ని తీసెయ్యాలి అని మా సిలబస్‌లో దిండంత అధ్యాయం ఉంది. ఆ కొట్టుడు వృథా అని రాసి, తీసేస్తే ఒరిగే లాభాలకి ఇంద్రధనుస్సులో లేని రంగులు కూడా వేసి బొమ్మలు గీశాను. మా గైడు మొదటిసారి నన్ను మనిషిని చూసినట్టు చూశారు.

వానాకాలంలో ఏసురత్నం జ్వరమొచ్చి పోయాడు. చర్చిలో ప్రార్థనకి నేనూ వెళ్లాను. ఆ పడవ చెరువు మీద పనిచేసే కుర్రాడు సూరిబాబు చేతికొచ్చింది. రాంబాబు నా చదువు మీద గౌరవం కొద్దీ, కొట్టుడు వద్దని అతనికి ముందే చెప్పాడు.

అప్పట్నుంచీ సంచులు నిండుగా వెళ్లి నిండుగానే తిరిగి రావడం మొదలెట్టాయి. నీళ్లు పరీక్ష చేయిస్తే దివ్యంగా ఉన్నాయన్నారు.

"బావగారూ, మీ ఎంబీఏ చేపలకి ఎక్కట్లేదండీ," అని రాంబాబు ఫోను.

అతనిది చేపల దిగులు, నాది వైవా దిగులు. కొట్టుడు తీసేశాక ఏమైందని అడిగితే నా పని అయిపోయినట్టే.

వైవా ముందు శనివారం, ఏదైనా మంచి కబురు దొరుకుతుందేమోనని చెరువు దగ్గరికి వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. కొంగలు ఒకదాని నీడలో ఒకటి నిలబడ్డాయి, అంత ఎండ. పడవకి తారు పూసి గట్టు మీద బోర్లించారు. ఆ చెరువుకి ఉన్నది అదొక్కటే పడవ. నేను పాకలో నడుం వాల్చాను. రాంబాబు, సూరిబాబు నా పక్కనే అన్నం తింటున్నారు.

నీళ్ల మీంచి చప్పుడొచ్చింది. టక్. కాస్త ఆగి, టక్ టక్.

లేచి చూశాను. దక్షిణపు మూల, ఏసురత్నం మొదటి సంచి కట్టే కర్ర చుట్టూ నీళ్లు ఉడుకుతున్నట్టు కదిలాయి. చెరువులో చేపలన్నీ అక్కడే ఉన్నాయంటే నా అలవాటు అనుకుంటారు. సగం అనుకోండి. మూతులు పైకెత్తి, నోళ్లు తెరిచి. ఆ కర్రకి సంచి లేదు.

"బాబుగారూ, తమరేవన్నా కొట్టారాండీ?" అన్నాడు సూరిబాబు.

"నా చేతిలో పెరుగన్నం ఉందిరా," అన్నాడు రాంబాబు, దాదాపు ఏడుపు గొంతుతో.

దగ్గరికెళ్లి చూద్దామని ఎవరమూ అనలేదు. పడవ బోర్లించి ఉంది కదా అని మాకు మేమే చెప్పుకున్నాం.

తర్వాతి వారం ఏలూరులో వైవా. మూడో అంతస్తులో గది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు, మా గైడు, నేను. ఎగ్జామినరు నా ప్రాజెక్టంతా తిప్పి, సరిగ్గా అక్కడే వేలు పెట్టారు.

"కొట్టుడు తీసేశారు, బాగుందండీ. మరి తర్వాత చేపలేమన్నాయి?"

నోరు తెరిచాను. అప్పుడు బల్ల కింద నుంచి వచ్చింది. టక్. కాస్త ఆగి, టక్ టక్.

నా చేతులు రెండూ బల్ల మీదే ఉన్నాయి. చప్పుడు బల్ల కిందే అయినా, మా ముగ్గురి తలలూ ఒక్కసారే గది దక్షిణపు మూలకి తిరిగాయి. అక్కడ ఒక విరిగిన కుర్చీ తప్ప ఏమీ లేదు. అయినా చూస్తూనే ఉన్నాం. వాళ్లిద్దరి నోళ్లూ కొద్దిగా తెరుచుకుని ఉన్నాయి. నాదీ అలాగే ఉందని కాసేపటికి గానీ తెలియలేదు.

"భోజనాల వేళైందాండీ?" అన్నారు ఎగ్జామినరు, ఎక్కడి నుంచో మాట్లాడుతున్నట్టు. ఫైలు మూసి సంతకం పెట్టి లేచారు. రెండో ప్రశ్న లేదు.

పాసయ్యాను. సూపరింటెండెంటు కుర్చీ కూడా వచ్చింది. ఒక కాలు పొట్టిది. ఒకరోజు గైడుని మెల్లగా అడిగాను, ఆ చప్పుడేమిటంటారని. "చప్పుడా? ఏమోనండీ. నాకైతే ఆ క్షణాన ఎందుకో చచ్చేంత ఆకలేసింది," అన్నారు.

ఎండకి తారు పూసిన చెక్క పగిలి ఉంటుంది అనుకుందామంటే, చప్పుడు నీళ్ల మీంచి వచ్చింది. ఏలూరులో ఆ గదిలో అసలు పడవే లేదు. ఇంతకు మించి ఆలోచించే ఓపిక నాకు లేదు.

వైవా అయిన మర్నాడే వెళ్లి, సంచి కట్టే ముందు గడతో కొట్టమని సూరిబాబుకి చెప్పాను. చేపలు తింటున్నాయట. ఆ రోజు అతను గడ చేతిలో పట్టుకుని, "ఎందుకండీ?" అని అడిగాడు.

ఎంబీఏ చదివినవాణ్ణి కదా, ఏదో ఒకటి చెప్పాలి.

"ఊరికే," అన్నాను. "చేతికో పని."